గున్నమ్మ అడిగిన పంపరపనస

విజయనగరం శివారులో రూబీ పెరట్లోని పంపరపనస ఈ ఏడూ విరగకాసింది. ఎవరడిగినా లేదనకుండా కోసిస్తుంది. తను మాత్రం ఒక్క తొన నోట పెట్టదు. భర్త కృపారావు ఒలిచి పళ్లెంలో పెట్టినా, "మీరు తినండి" అని లేచిపోతుంది.

అసలా చెట్టు బతుకుతుందని మొదట్లో ఎవరూ అనుకోలేదు. ఆసుపత్రిలో ఆయా పని మానుకున్న ఏడు రూబీ దాన్ని నాటింది. మొక్క మోకాలెత్తున ఆగిపోయి ఆకులు ముడుచుకుంది. రోజూ సముద్రపొడ్డు నుంచి ఆటోలో చేపలు తెచ్చి వీధుల్లో అమ్మే గున్నమ్మ, ఎండ మండే వేళకి రూబీ అరుగు మీద తట్ట దించేది. రూబీ చల్లటి గంజి ఇచ్చేది. గున్నమ్మ వెళ్లేముందు తట్ట కడిగి ఆ నీళ్లు మొక్క మొదట్లో పోసేది.

"నీసునీళ్లు తాగితే మొక్కయినా మనిషయినా లేస్తాదొదినా. మీ ఆయన్ని సూడు, పులుసు నేకపోతే మంచం దిగుతాడేటి?"

"విన్నానమ్మోయ్!" అని కృపారావు లోపల్నుంచి కేకేసేవాడు.

మొక్క లేచింది. నాలుగో ఏట పూసింది. పిందెలన్నీ రాలిపోయి ఒక్క కాయ నిలిచింది. రూబీ ఆ కాయ కింద నిలబడి, చర్చిలో జరిగే కోత పండుగకి దాన్ని ప్రథమఫలంగా దేవుడికిస్తానని ప్రార్థన చేసుకుంది. తొలికాపు గుడికి వెళ్లాకే ఇంట్లోవాళ్ల నోటికి. వాళ్ల సంఘంలో అది అమ్మమ్మల నాటి అలవాటు.

కాయ పండబారే వేళకి గున్నమ్మకి కామెర్లు వచ్చాయి. చాలా రోజులు కనబడలేదు. ఒకనాడు కోడలి భుజం పట్టుకుని, తట్ట లేకుండా వచ్చింది.

"నోటికేటీ సయించట్నేదొదినా. మన సెట్టు కాయ మీదే మనసు పీకతన్నాది. కోసియ్యవా?"

రూబీ కాయ వంక చూసింది. "దేవుడికని అనేసుకున్నాను వదినా. పండగ పై ఆదివారమే. వచ్చే కాపంతా నీదే."

"మీ దేవుడు నాకన్నా ఆకలి మీదున్నాడేటి?" అని గున్నమ్మ నవ్వింది. మళ్లీ తనే, "పోన్లే, మాటిచ్చేసినావు కదా, తప్పకూడదు" అంది. వెళ్తూ వెళ్తూ కాయని అరచేత్తో నిమిరింది.

పండుగనాడు గుడిలో ప్రథమఫలాలకి వేలం వేస్తారు. ఆ కాయ తనే పాడుకుంటే దేవుడికీ చెల్లుతుంది, గున్నమ్మకీ అందుతుందని రూబీ ఆలోచన. కానీ యుగంధర్ అనే కంట్రాక్టరు భక్తి పొంగి పాట పెంచుకుంటూ పోయాడు. వెనక బల్లల్లో ఎవరో, "ఇచ్చిన కాయ తనే కొనుక్కుంటాదేటి! అంతాశైతే తేవడమెందుకో" అని నవ్వారు. రూబీ పాట ఆపేసి తల దించుకుంది.

యుగంధర్ ఆ కాయని అతిథిగా వచ్చిన పాస్టరుగారికి కానుకిచ్చాడు. అది కారెక్కింది. ఇద్దరూ మంచివాళ్లే. జబ్బుమనిషి కోసమని ఒక్క మాటంటే చేతిలో పెట్టేవారు. ఆ ఒక్క మాటే రూబీ నోట రాలేదు.

మర్నాడు గంటస్తంభం దగ్గర బండి మీద ఇంకో పంపరపనస కొని, ఆటోలో గున్నమ్మ ఉండే పేటకి వెళ్లింది. గున్నమ్మ మంచంలో ఉంది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి.

"తెచ్చినావా ఒదినా! మన సెట్టుదేనా?"

"ఊఁ" అంది రూబీ.

ఒలిచి తొన నోటికందించింది. గున్నమ్మ నెమ్మదిగా నమిలింది. ఇంకోటి తింది. అడిగి మరీ ఇంకోటి తింది. "తేనెలాగున్నాది. సూసినావే, నాను పెంచిన సెట్టు!" అని కోడలికి గొప్పలు చెప్పుకుంది.

వచ్చేటప్పుడు, వద్దన్నా వినకుండా కోడలు రెండు తొనలు రూబీ చేతిలో పెట్టింది. తిరుగు ఆటోలో రూబీ ఒకటి నోట్లో వేసుకుంది. కటిక చేదు. మింగలేకపోయింది. నాలుకకి రుచి తెలియక గున్నమ్మ తేనె అందో, తన మొహం చూసి అందో! వెనక్కి వెళ్లి నిజం చెప్పేద్దామని ఆటో ఆపమనబోయింది. పొద్దుపోతోంది, ఆదివారం ప్రార్థనయ్యాక నిదానంగా వెళ్లి చెప్పుకుందాంలే అనుకుంది.

గున్నమ్మ పోయిందని గురువారం కబురొచ్చింది.