వెనక సీట్లో మాటలుండవు

మా వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని లేదు. అందరికీ బంకు వదినే. సొంత అత్తగారు కూడా ఒక్కోసారి నోరుజారి "వదినా" అని పిలిచి నాలిక కరుచుకుంటుంది.

పెట్రోలు బంకులో పైపు పట్టుకుని బతుకు వెళ్ళదీసిన మనిషి. ఎందరి బళ్ళో నింపింది గానీ అప్పటికి ఒక్కటీ నడిపి ఎరగదు. కొత్త రోడ్డు ఊరి బయటినుంచి పోవడంతో బంకు మూతపడింది. పంపులు పీక్కుపోయారు. నేలలోని ట్యాంకులు ఇసుకతో పూడ్చేశారు. పైన పెద్ద కప్పు, కింద నున్నటి సిమెంటు నేల, లోపలికో దారి, బయటికో దారి మిగిలాయి. అందరూ దాన్ని చచ్చిన బంకు అనడం మొదలుపెడితే వదినకి ఒళ్ళు మండింది. "ఎండా వానా తగలని ఇంత చోటు, చావడమేంటి?" అంది. ముందు తను కారు నేర్చుకుంది. తర్వాత ఆ బంకునే అద్దెకి తీసుకుని ఆడవాళ్ళకి డ్రైవింగ్ స్కూలు పెట్టింది.

ఒకప్పుడు డబ్బులు కట్టించుకున్న గదిలో బల్లకి పాత స్టీరింగ్ బిగించింది. కొత్తవాళ్ళు ముందు దాన్ని తిప్పాలి. బయట, పంపు ఉండిన దిమ్మ పక్కన నేల మీద పసుపు గీత. కారు ఆపితే పెట్రోలు ట్యాంకు మూత సరిగ్గా ఆ గీతకి ఎదురుగా రావాలి. జానెడు అటూ ఇటూ అయినా మళ్ళీ చుట్టు తిరిగి రావాల్సిందే. అందుకే ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళని ఎక్కడైనా పట్టేయొచ్చు. చెప్పుల దుకాణం ముందు ఆపినా ట్యాంకు మూత గుమ్మానికి ఎదురుగా ఉండేలా ఆపుతాం. నేనూ అంతే, నవ్వుకుంటే నవ్వుకోండి.

తోడొచ్చిన మొగుళ్ళూ అన్నలూ వెనక సీట్లో కూర్చోవచ్చు. నోరు విప్పారో, అక్కడికక్కడే దింపేస్తుంది. మా ఆయన్ని రెండుసార్లు దింపింది. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

ఆ స్థలం ఒక పెద్దావిడది. దాన్ని గోడౌన్ వాళ్ళకి అమ్మేద్దామని కొడుకు ఆవిడ వెంటపడ్డాడు. తల్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే మాత్రం, "ఆగమ్మా, పనిలో ఉన్నాను" అనేవాడు. విసిగిపోయి ఆవిడ ఒకరోజు, "ముందు నన్ను కారు నేర్చుకోనీ. అమ్మడం సంగతి తర్వాత చూద్దాం" అంది. అతను దాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టుకుని, తనే తీసుకొచ్చి వదిన దగ్గర చేర్పించాడు.

అంటే ఆవిడకి కారు నడపడం వచ్చిన రోజున వదినకి బంకు పోతుంది. ఈ సంగతి వదినకీ తెలుసు, మాకూ తెలుసు.

"కాస్త నిదానంగా నేర్పక్కా," అంది వదిన తోడికోడలు. "రివర్సు వచ్చే ఏడు చెబితే ఏం పోయింది? కూర్చున్న కొమ్మ నువ్వే నరుక్కుంటావా?"

వదిన కారు అద్దం తుడవడం ఆపలేదు. "నన్ను నమ్మి పక్కన కూర్చుంది. రాకుండా నేర్పడం నా వల్ల కాదు. పోతే పోనీ. ఇంకో బంకు మూతపడకపోతుందా?"

అలా అందే గానీ, ఆ సాయంత్రం పసుపు గీతకి మళ్ళీ రంగేస్తూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నాకూ ఏడుపొచ్చింది.

పెద్దావిడ సామాన్యురాలు కాదు. గేరు పడకపోతే కారుని తిట్టిపోసేది. దిమ్మని గుద్ది, తప్పు దిమ్మదే అనేది. వదిన మాత్రం పట్టు వదల్లేదు. చివరికి రివర్సు కూడా ఒంటబట్టించింది.

కొడుకు స్వయంగా చూస్తానని కాగితాలు చంకన పెట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. మేమంతా దిమ్మ మీద కూర్చుని చూస్తున్నాం. పక్కన వదినని కూర్చోబెట్టుకుని పెద్దావిడ వీధిలోకి వెళ్ళి, లారీకి దారిచ్చి, తిరిగొచ్చి, వెనక్కి తీసి మా ముందే ఆపింది. ట్యాంకు మూత గీతకి ఎదురుగా ఉంది. మాలో ఎవరికీ చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

"వచ్చేసిందిగా. ఇక సంతకం పెట్టమ్మా," అంటూ కాగితాలు ముందుకి చాపాడు.

"చూద్దామన్నాను. చూశాను. అమ్మేది లేదు," అంది పెద్దావిడ.

"ఈవిడేనా నూరిపోసింది? ఏకై వచ్చి మేకై కూర్చుంది."

"ఈ అమ్మాయి నూరిపోసే రకమే అయితే నాకీ జన్మలో రివర్సు వచ్చేది కాదురా. తన చోటు పోతుందని తెలిసి కూడా నేర్పింది. ఇలాంటి మనిషిని లేపేసి గోడౌన్ కట్టిస్తానా?"

కొడుకు కాగితాలు మడిచాడు. "సరే, దిగు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఆగు నాన్నా, పనిలో ఉన్నాను," అంది తల్లి. "ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించడం ఇంకా రాలేదు నాకు."

అతను మళ్ళీ ఏదో అనబోయాడు. వదిన వెనక్కి తిరిగి చూసింది. కళ్ళు తడిగానే ఉన్నాయి గానీ గొంతు మాత్రం ఎప్పటిదే.

"వెనక సీట్లో మాటలుండవు బాబూ. దిగుతారా, కూర్చుంటారా?"

అతను నోరు మూసుకుని కూర్చున్నాడు. పెద్దావిడ గేరు వేసింది.