పౌడరు చల్లిన ఇంజను

నేను ఇంద్రేశానికి కోడలిగా వెళ్లిన మూడో ఏడు మా మామ ఒక పాత కారు కొన్నారు. తొంభైల మొదట్లో, ఊరి బయటి మా పొలంలో సగం ప్లాట్ల కింద పోయిన తర్వాత. ఆయనకు నడపడం రాదు. నా భర్త బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవారు కాబట్టి ఆదివారం పూట తప్ప ఆ కారు కదిలేది కాదు. మిగతా రోజుల్లో మామ మధ్యాహ్నం అన్నం తిని, వెళ్లి అందులో కూర్చునేవారు. అద్దాలు దించుకుని, కళ్లు సగం మూసుకుని, ఎక్కడికో దూరం పోతున్నట్టు.

అత్త నేను రాకముందే చనిపోయింది. పగలు ఇంట్లో మేమిద్దరమే. అన్నం పెట్టనా, నీళ్లు తేనా అన్నవి తప్ప మా మధ్య మాటలుండేవి కావు.

ఆ కారు కింద బండల మీద ఇంజనాయిలు మరక పడేది. నేను బూడిద చల్లి రుద్దితే పోయేది, తెల్లారేసరికి మళ్లీ అరచేతంత ఉండేది. నా భర్త పటాన్‌చెరు తీసుకెళ్లి, ఇంజను అడుగున నూనె నిలిచే చాంబరుకు కొత్త ప్యాకింగు వేయించారు. పదిరోజులకు మళ్లీ మరక.

"ఇగ ఇంజనే దించాలంటుండు మెకానిక్," అన్నారు ఆ రాత్రి అన్నం దగ్గర.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే మామ కార్లో లేరు. దాని ముందు గొంతుక్కూర్చుని కిందికి చూస్తున్నారు.

"బిడ్డా, జెర ఇటు రా," అని పిలిచారు. "మనోళ్లు నూనె పడే కాడ సూస్తున్రు. పుట్టే కాడ సూడాలె. మన బాయి కాడి ఆయిలింజను గూడ గిట్లనే సతాయించింది. నూనె మీద పుట్టి జారుకుంట కిందికొస్తుండె."

బానెట్ ఎత్తాం. ఆయన కిరసనాయిలు, అరిగిన బ్రష్షు తెచ్చారు. నేను పాతచీర ముక్కలు తెచ్చాను. ఏళ్ల నాటి మడ్డి అంతా కడిగి, తుడిచి, ఆరబెట్టేసరికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది.

"నల్లగున్న ఇనుము మీద నల్ల నూనె ఎట్ల కనవడ్తది మామా?"

నేను లోపలికి వెళ్లి నా పౌడరు డబ్బా తెచ్చాను. దాన్ని చూసి మామ నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. అరచేతిలో పోసుకుని ఇంజను నలువైపులా ఊదాను. మల్లెపూల వాసన, కిరసనాయిలు వాసన కలిసిపోయాయి. ఇనుమంతా తెల్లబడి, మంచు పడ్డట్టు మెత్తగా కనబడింది.

"కొంగు బిగించుకో, ఫ్యాన్ తిరుగుతది," అని చెప్పి, గేరులో లేదని చూసుకుని తాళం తిప్పారు.

ఇంజను వెనకవైపు చెయ్యి కూడా దూరని సందు ఉంది. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం అక్కడ పట్టుకుని నిలబడ్డాను. ఇంజను ఒకటే శ్రుతిలో మోగుతోంది. వేడిగాలిలో గోడ, వేపచెట్టు, ఆరేసిన బట్టలు అన్నీ నీళ్లలో ఉన్నట్టు అలలుగా కదులుతున్నాయి. కోళ్లు కూడా కునుకుతున్నాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు. నాకు నిద్ర పట్టలేదు గానీ, మెలకువగా ఉన్నానని కూడా చెప్పలేను. అద్దంలోని ఆ చిన్న తెల్లటి చోటే నా లోకమైంది.

అప్పుడు ట్యాపెట్ కవరు వెనక మూలలో, తెలుపు మీద బూడిదరంగు చుక్క ఒకటి లేచింది. నెమ్మదిగా దానికి తోక వచ్చింది. అది కిందికి నడవడం మొదలుపెట్టింది.

"మామా, పుట్టింది," అన్నాను.

ఆయన అద్దంలోకి వంగి చాలాసేపు చూశారు. ఇంజను నెత్తిన మూతలా ఉండే ఆ కవరు అంచు నుంచి నూనె వీపు మీదుగా జారి, చాంబరు అంచుకు చేరి చుక్కలవుతోంది. అందరం చాంబరునే అనుమానించాం.

ఆదివారం నా భర్త కవరు విప్పితే లోపలి బెండు ప్యాకింగు ఎండిన రొట్టెలా ముక్కలై చేతికొచ్చింది. కొత్తది పెట్టేటప్పుడు మామ పక్కనే ఉన్నారు.

"గట్టిగ తిప్పకురా, రేకు వంగుతది. ఇటొకటి అటొకటి, సమంగ బిగించు."

మళ్లీ పౌడరు చల్లాం. ఈసారి అడుగున నూనె తీసే బోల్టు దగ్గర కొంచెం తడి కనబడింది. దాని వాషరు మార్చారు. ఆ తర్వాత వారానికో శనగగింజంత చుక్క మాత్రం పడేది.

"వయసైన దానికి గంత ఉండనీ," అన్నారు మామ.

కొన్నాళ్లకు ఆయనే కొడుకుతో, "కోడలికి కారు నేర్పు," అన్నారు. క్లచ్చు, బ్రేకు మా ఆయన చూపించారు. తర్వాత అలవాటయ్యేదాకా రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుంది మాత్రం మామే. ఒకప్పటి మా పొలంలో ఇళ్లింకా కట్టని ప్లాట్లలోకి తీసుకుపొమ్మన్నారు. ఎక్కడ చూసినా హద్దురాళ్లే.

"ఇది మిరపతోట," అన్నారు ముందుకు చూస్తూ. "దాని పక్కపొంటి వరి మడి. ఇగ గట్టొస్తది, జెర నిమ్మలంగ."

అక్కడ గట్టు లేదు. చదును చేసిన ఎర్రమట్టి ఉంది, అంతే. అయినా నేను గేరు తగ్గించాను.