సీటు కింది హాకీ కర్ర

మీ ఇంట్లో ఎవరూ హాకీ ఆడనప్పుడు, మీ కారు సీటు కింద హాకీ కర్ర ఎందుకుంది?

ఈ ప్రశ్న నేను ముందుగా మా నాన్ననే అడగవలసి వచ్చింది. పోయిన నెల ఒక ఉదయం ఆయన కారు వెనక తలుపు నేను తీయగానే కొత్త వార్నిషు వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. ఆ వాసనతోనే నేను మళ్ళీ చిన్నపిల్లనై, మరొకరి పాత కారు వెనక సీట్లో, చీలమండలకు చల్లగా ఏదో దొర్లి తగులుతుంటే కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

దేశ రాజధానిలో, మయూర్ విహార్‌లోని మా సొసైటీలో ఋతువులను క్యాలెండరు కంటే ముందు ముక్కే గుర్తుపట్టేది. దసరా దాటేసరికి గేటు పక్కన ఏడాకుల చెట్లు పూసి సాయంత్రాలను తలనొప్పి పుట్టించేంత మత్తుతో నింపేవి. చలికాలపు ఎండలో ఆంటీలు డాబా మీద చాపలు పరుచుకుని పచ్చిబఠాణీలు ఒలుస్తూ ఉంటే, మేము నువ్వులూ బెల్లమూ కలిపిన గజక్ ముక్కలను స్వెట్టరు జేబుల్లో కుక్కుకుని, దొంగిలించిన బఠాణీలతో కలిపి నమిలేవాళ్ళం. హోలీకి పక్కింటినుంచి కోవా కూరిన గుజియాలు వచ్చిన పళ్ళెంలోనే ఉగాదికి అమ్మ చేసిన బొబ్బట్లు తిరిగి వెళ్ళేవి. ఎండలు ముదిరాక కూలర్లలో తడిసిన గడ్డి వాసన ఇంటింటినుంచీ వీధిలోకి వచ్చి కలిసిపోయేది. భోజనాలయ్యాక పార్కు మాది. పిట్ఠూ అని ఇక్కడివాళ్ళు పిలిచే ఏడు పెంకులాటా, సుద్దముక్కతో గళ్ళు గీసుకుని ఆడే తొక్కుడుబిళ్ళా, అన్నిటికన్నా ముఖ్యంగా క్రికెట్టూ. చోటు చాలని ఆ క్రికెట్‌కు సొంత చట్టం ఒకటుండేది: బంతి ఒక్కసారి నేలను తాకి లేచాక ఒంటిచేత్తో పట్టినా అవుటే. తగాదాలన్నీ ఆ చట్టం చుట్టూనే పుట్టేవి. గొంతులు పెరిగితే ఏదో ఒక డాబా మీదినుంచి "హాథ్ మిలావో దోనోఁ, అభీ" అని ఒక ఆంటీ కేక వినిపించేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే చేతులు కలిపేవాళ్ళు. తగాదా అక్కడితో ముగిసేది.

మా కింది అంతస్తులో వంశీ ఉండేవాడు, నా ఈడువాడే. వాళ్ళ నాన్న సుబ్బారావు అంకుల్‌ది రాజమండ్రి. ఒక కంపెనీలో అకౌంట్స్ చూసే ఆయన, కూరగాయల బండి భయ్యాను కూడా మీరన్నట్టు 'ఆప్' అనే సంబోధించేవారు. అప్పట్లో మాకు కారు లేదు కనుక, ఆదివారం వాళ్ళ కుటుంబం అశోకా రోడ్‌కు ఆంధ్ర భోజనానికి వెళ్ళేటప్పుడు వెనక సీట్లో నాకూ చోటుండేది. ముద్దపప్పు మీద ధారగా పోసిన నెయ్యి, గోంగూర పుల్లదనం, ఎన్నిసార్లు వడ్డించినా విసుక్కోని వడ్డనవాళ్ళు. చేతికంటిన ఆ వాసనను తిరుగు ప్రయాణంలో యమునా వంతెన దాటేదాకా ఆస్వాదిస్తూ వచ్చేవాళ్ళం.

అటువంటి ఒక తిరుగు ప్రయాణంలో సిగ్నల్ దగ్గర అంకుల్ కారు ముందున్న మోటారుసైకిలును అతి స్వల్పంగా తాకింది. దానిమీది యువకుడు దిగివచ్చి, అద్దం దించి క్షమాపణ చెప్పబోతున్న అంకుల్‌ను చెంపమీద కొట్టి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు. సిగ్నల్ పచ్చగా మారింది. వెనక హారన్లు మోగాయి. అంకుల్ కళ్ళజోడు సరిచేసుకుని గేరు మార్చారు. ఆ తరువాత, నాకు తెలిసినంతవరకు, ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మరుసటి ఆదివారానికి సీటు కింద హాకీ కర్ర వచ్చింది. బ్రేకు పడినప్పుడల్లా ముందుకూ, బండి కదిలినప్పుడల్లా వెనక్కూ దొర్లి మా కాళ్ళను తాకేది. ఇది దేనికంకుల్ అని అడిగాను.

"తియ్యడానిక్కాదమ్మా," అన్నారాయన అద్దంలోంచి నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ఉందంటే అదో ధైర్యం. ఈ ఊళ్ళో అందరూ పెట్టుకుంటారులే."

నిజమే, ఆయన దాన్ని ఎన్నడూ బయటికి తీయలేదు. కాని వెనక సీట్లో పెరుగుతున్న కొడుకు ఏళ్ళ తరబడి దాన్ని పాదాలతో తడుముతూనే ఉన్నాడు.

వంశీ పదో తరగతికి వచ్చిన ఏడాది, హోలీ వెళ్ళిన కొన్నాళ్ళకు, పార్కులో మళ్ళీ ఆ ఒంటిచేతి క్యాచ్ గురించే తగాదా వచ్చింది. అవతలివాడు రోహన్, మా బ్లాకువాడే, వంశీకి ప్రాణస్నేహితుడు. చెంపదెబ్బ సంగతి వంశీ నమ్మి చెప్పుకున్నది అతనొక్కడికే. మాటా మాటా పెరిగి రోహన్ అందరిముందూ అన్నాడు: "తేరే పాపా నే తో రోడ్ పే థప్పడ్ ఖాకే కుఛ్ నహీఁ బోలా. తూ క్యా కర్ లేగా?" నడిరోడ్డుమీద చెంపదెబ్బ తిని నోరెత్తనివాడి కొడుకువి, నువ్వేం చేస్తావని.

కొందరు నవ్వారు. వంశీ ఇంట్లోకి వెళ్ళి కారు తాళాలు తెచ్చాడు. డాబా మీద ఆ వేళకు ఏ ఆంటీ లేదు. గట్టుమీద కూర్చున్న నాకు సీటు కిందినుంచి కర్ర బయటికి రావడం కనిపించింది. "వంశీ, వద్దురా," అన్నాను. దెబ్బ పడిన చప్పుడు, పొడి కొమ్మ విరిగినట్టు, చాలా చిన్నది.

రోహన్ కుడి మోచెయ్యి ఎన్ని ఆపరేషన్లయినా పూర్తిగా తిన్నగా రాలేదు. వంశీ పోలీస్ స్టేషన్ చూశాడు, జువెనైల్ బోర్డు చూశాడు, బడి మారాడు, మాటలు తగ్గించాడు. ఏడాది తిరక్కుండానే వాళ్ళు ఫ్లాట్ ఖాళీ చేసి ఘజియాబాద్ వైపు వెళ్ళిపోయారు. సామాను ఎక్కిస్తున్న రోజు అంకుల్ మా నాన్నతో అన్న మాట నేను విన్నాను: "నేనెప్పుడూ ఒక్కసారైనా తియ్యలేదండి దాన్ని. వీడికెవరు నేర్పారంటారు?" నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

కాలేజీ చర్చావేదికల మీద యువతలో హింసకు కారణాలేమిటన్న అంశంపై నేను రెండు పక్షాల తరఫునా వాదించాను. సినిమా, ఫోను, నిరుద్యోగం, పోటీ, విడిపోయిన కుటుంబాలు, అన్నిటినీ వరుసగా నిలబెట్టి ప్రశ్నించాం. వాటిలో దేన్నీ నేను తోసిపుచ్చను. అయితే ఏ పక్షమూ ఒకసారి వంగి కారు సీటు కిందికి చూడలేదు. తండ్రి భయాన్ని కొడుకు కోపంగా చదువుకున్నాడు. ఎవరూ దాన్ని భయమని పేరు పెట్టి అతనికి చెప్పలేదు కనుక, అలా చదువుకోవడం తప్పని అతనికెలా తెలుస్తుంది?

మా తమ్ముడు చైతూ ఇప్పుడు తొమ్మిదో తరగతి. నాన్న కారులో వెనక సీటు వాడిదే. సీటు కింద కర్ర చూశానని నాన్నతో అన్నప్పుడు ముందుగా వాడే జవాబిచ్చాడు: "అక్కా, సబ్ రఖ్తే హైఁ. ఛిల్." అందరూ పెట్టుకునేదే, కంగారు పడకని.

అప్పుడు నాన్న చెప్పారు. ఆ మధ్య ఫ్లైఓవర్ మీద ఎవరో అద్దం బాదుతూ ఆయనను వెంటాడారట. ఇంట్లో చెప్పలేదు. ఆ భయం నిజమైనది, దాన్ని నేను తేలిక చేయలేను. ఆయన ఇల్లు చేరడం పది నిమిషాలు ఆలస్యమైతే ఇప్పుడు నేనూ బాల్కనీలోకి వెళ్ళి గేటు వైపు చూస్తున్నాను.

"మనవాడు అలాంటివాడు కాదులే అమ్మా," అన్నారు నాన్న, చైతూ వైపు చూసి.

"వంశీ మాత్రం అలాంటివాడా నాన్నా?"

పోయిన ఆదివారం అశోకా రోడ్‌కు బయలుదేరబోతూ నాన్న, నేను మళ్ళీ అడగకముందే వంగి, కర్రను బయటికి లాగి, చైతూ చేతికిచ్చి, "పైన పెట్టిరా" అన్నారు. అంతే. ఎందుకు కొన్నారో, ఎందుకు తీసేస్తున్నారో వాడికి చెప్పలేదు. మెట్లెక్కుతూ మా తమ్ముడు దాని బరువు చూసుకున్నాడు. మలుపు దగ్గర, ఎవరూ చూడటం లేదనుకుని, ఒకసారి గాల్లో బలంగా ఊపాడు.

సొసైటీ పార్కుకు ఇప్పుడు తాళం ఉంది. బంతి ఆటలు నిషేధమన్న బోర్డు ఉంది. గజక్ ఆన్‌లైన్‌లో వస్తుంది. చేతులు కలపమని కేకేసే డాబా మీద నీళ్ళ ట్యాంకులూ సోలార్ పలకలూ తప్ప మనుషులు లేరు. ఏడాకుల చెట్లు మాత్రం ఇంకా పూస్తున్నాయి.

ఆ సాయంత్రం భోజనం నుంచి తిరిగివచ్చాక నాన్నను మళ్ళీ అడిగాను, ఈసారి కర్ర గురించి కాదు, ఫ్లైఓవర్ సంగతి చైతూకు చెప్పమని. "చూద్దాం" అన్నారు. నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

అందుకే మిమ్మల్నీ అడుగుతున్నాను. ఈ పేజీ పక్కన పెట్టి ఇవాళే మీ కారు దగ్గరికి దిగండి. కర్రను మీరే తీయండి, పిల్లవాడి చేతికివ్వకండి. తరువాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు రోడ్డు మీద మీకు ఎంత భయమేసిందో చెప్పండి.