నోరు మూసుకుని చూడాల్సిన పిట్ట

పిట్టలు చూడ్డానికి వెళ్లేవాళ్లు మొట్టమొదట పాటించాల్సింది, మాట్లాడకుండా ఉండటమట. ఆ తర్వాతది, రంగు బట్టలు వేసుకోకపోవడమట. మా ఆయన ఈ రెండూ బయలుదేరే ముందే చెప్పి, నేను సర్దుకున్న గులాబీరంగు స్వెట్టర్ని బ్యాగులోంచి తీసి మంచం మీద పడేశారు. బదులుగా తన పాత ఆకుపచ్చ రెయిన్‌కోటు ఇచ్చారు. మోకాళ్ల కిందికి వేలాడే ఆ కోటులో నన్ను చూసి పిట్టలు బెదిరేవో లేదో గానీ, అద్దంలో చూసుకుని నేనే బెదిరాను.

పోయిన వానాకాలం సంగతి ఇది. అరకు వెళ్దామని అడిగింది నేనే, పిట్టల కోసం మాత్రం కాదు. బ్యాంకులో నాకు మేనేజరుగా ప్రమోషన్ వచ్చింది. పోస్టింగేమో ఆదోనిలో. విశాఖపట్నం నుంచి ఆదోని అంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు. వెళ్తానో లేదో సోమవారంలోగా చెప్పమన్నారు. ఇంట్లో చెబుదామంటే ఈయన కాలేజీ నుంచి వస్తూనే కంప్యూటర్ ముందు కూర్చుని పిట్టల ఫొటోలు సరిచేసుకుంటారు. కొండ మీదైతే ఇద్దరమే ఉంటాం కదా, తీరిగ్గా చెప్పుకోవచ్చనుకున్నాను. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి గురించి అంత అమాయకంగా ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

రైల్లోనే మొదలుపెట్టాను. "మీతో ఒక విషయం మాట్లాడాలండీ" అన్నానో లేదో రైలు సొరంగంలో దూరింది. పెట్టెలో పిల్లలూ పెద్దలూ ఒకటే కేకలు. బయటికొచ్చి నేను మళ్లీ నోరు తెరిచేసరికి ఇంకో సొరంగం. మధ్యలో వెలుతురు వచ్చినప్పుడల్లా ఆయన బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయారు. "అక్కడికెళ్లాక మాట్లాడుకుందాంలే" అన్నారు.

అక్కడికెళ్లాక అసలు మాటే నిషేధం. గాలికొండ వైపు కాఫీ తోటల మధ్య ఒక కాటేజీ తీసుకున్నాం. ఆయనకు కావలసింది ఒకే ఒక్క పిట్ట. నల్లటి ఒంటి మీద నీలం మెరుపు ఉంటుందట. వానల్లో, మంచులో, అచ్చం మనిషిలా ఈల వేస్తుందట. పాట సగం మరిచిపోయినవాడు స్నానం చేస్తూ వేసే ఈలలా ఉంటుందని చెబుతూ మురిసిపోయారు. మూడేళ్లుగా దాన్ని వెతుకుతున్నారు, ఎప్పుడొచ్చినా కనబడలేదు. ఆ బెంగ ఆయన మొహంలో నాకు తెలుస్తూనే ఉండేది.

మొదటిరోజంతా వాన. సిల్వర్ ఓక్ చెట్ల మీంచి మంచు దిగి, పది అడుగుల అవతల ఆయనే సరిగ్గా కనబడలేదు. నేను "ఏమండీ" అన్నప్పుడల్లా వెనక్కి తిరక్కుండా అరచెయ్యి ఎత్తేవారు, ట్రాఫిక్ పోలీసులాగ. సాక్సులోకి జలగ దూరినప్పుడు కూడా అదే చెయ్యి. జలగను నేనే పీకేసుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం రోడ్డు పక్కన టీ తాగాం. అంగడి ఆమె నిమ్మపండు రంగు చీర కట్టుకుని గిన్నెలు కడుగుతోంది. ఆమె కాళ్ల దగ్గరే పిట్టలు మెతుకులు ఏరుకుంటున్నాయి.

"పిట్టల్ని సూడ్డానికి వైజాగు నుంచొచ్చినారా? మీకాడ నేవా అమ్మా?" అని అడిగింది.

"ఉన్నాయి గానీ అవి ఈయన కంటికి ఆనవు" అన్నాను.

ఆమె నవ్వి, "బేగి తాగియ్యండి, సల్లారిపోతాది" అంది. ఆ రోజు నాతో పూర్తిగా రెండు మాటలు మాట్లాడిన మనిషి ఆవిడే.

మర్నాడు ఆదివారం. తెల్లవారుతూనే తోటలోకి వెళ్లాం. ఆయన జేబులోంచి చిన్న స్పీకరు తీసి, ఫోన్లో దాచుకున్న ఆ పిట్ట ఈల పెట్టారు. తన జాగాలో ఇంకో పిట్ట కూస్తోందనుకుని అసలుది బయటికొస్తుందని పిట్టలు చూసేవాళ్ల ఉపాయం. పెట్టి ఆపారు. మంచులో అవతలి నుంచి అదే ఈల వినిపించింది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చాలా కాలమైంది అలా పట్టుకుని. "జవాబిస్తోంది" అన్నారు గుసగుసగా. మళ్లీ పెట్టారు, మళ్లీ జవాబు. ఈయన నాలుగు అడుగులు ముందుకేస్తే అదీ దగ్గరికొచ్చింది. "మంచి పొగరున్న మగపిట్ట" అన్నారు. నాకూ ఉత్సాహమొచ్చింది. ఇది కనబడిపోతే ఈయన మనసు తేలికపడుతుంది, అప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను.

కానీ వినగా వినగా నాకొక అనుమానం మొదలైంది. ఈయన ఫోన్లో ఈల అయిపోయాక, దూరంగా ఎవరిదో స్కూటర్ హారన్ వినిపిస్తుంది. రికార్డు చేసినప్పుడు అదీ పడినట్టుంది. అవతలి పిట్ట ఈల అయిపోయాక కూడా అదే హారన్.

"ఏమండీ, ఆ హారన్..." అన్నాను. అరచెయ్యి లేచింది. ఇంకాసేపాగి, "అది పిట్ట కాదేమోనండీ" అన్నాను. చెయ్యి ఇంకా పైకి లేచింది. సరే, మీ ఖర్మ అనుకుని ఊరుకున్నాను.

మంచు కాస్త పలచబడింది. ఎదురుగా కాఫీ మొక్కల మధ్య ఆకుపచ్చ రెయిన్‌కోటులో ఒకాయన, చేతిలో స్పీకరుతో నిలబడి ఉన్నాడు. వెనకాల, మోకాళ్ల కిందికి వేలాడే కోటులో వాళ్లావిడ.

మగవాళ్లిద్దరూ కాసేపు సిగ్గుపడ్డారు. తర్వాత ఆ ఈల ఎక్కడ దించుకున్నారని ఒకరినొకరు అడిగి, కెమెరాల కబుర్లలో పడ్డారు. అంతసేపు గొంతు లేని మనిషి గలగలా మాట్లాడుతుంటే, నేను వాళ్లావిడ దగ్గరికి నడిచాను.

వాళ్లావిడ విజయనగరం నుంచి వచ్చిందట. రాయి మీద చోటిచ్చి, ఫ్లాస్కులోంచి టీ పోసి, "మీరూ పిట్టల కోసమేనా అక్కా?" అంది.

"కాదమ్మా, ఆదోని గురించి మాట్లాడదామని వచ్చాను" అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. ముక్కూమొహం తెలియని మనిషికి మొత్తం చెప్పేశాను. ఒక్కరే ఉండగలరా అని అడిగింది. భయం లేదా అంది. మనసులో వెళ్లాలని ఉందా అంది. ఉందన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

తల తిప్పితే మా ఆయన వెనకే నిలబడి ఉన్నారు.

"ప్రమోషనా? నాకు చెప్పలేదేం?"

"రైలెక్కినప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. మీరు విన్లేదు."

ఆయన లెన్సు మీద తడి తుడుచుకున్నారు. అది తుడిచేపాటి సేపే ఆలోచించారు. "మంచిదేగా, వెళ్లు. నాకేం ఇబ్బంది లేదు. ఇంకో గంట చూసి కిందికి దిగుదామా?" అన్నారు.

వద్దంటారేమోనని రాత్రుళ్లు జవాబులు కూర్చుకున్నాను. అత్తయ్యగారిని ఎవరు చూసుకుంటారంటే ఏమనాలో, డబ్బు మనకేం తక్కువంటే ఏమనాలో, అన్నీ. నువ్వు లేకపోతే నాకు తోచదు అంటే మాత్రం ఏమనాలో తేలక, ఆ ఒక్కదానికే భయపడ్డాను. ఆయన అసలేమీ అడగలేదు. మూడేళ్లుగా ఒక పిట్ట కనబడలేదని బెంగ పెట్టుకున్న మనిషికి, నేను వెళ్లిపోవడం బెంగపడేంత విషయం కాలేదు.

లేచి ఫోన్ సిగ్నల్ కోసం పక్కనున్న గట్టు మీదికి ఎక్కాను. పోస్టింగ్ తీసుకుంటున్నానని పై అధికారికి మెసేజ్ పెట్టాను. అది వెళ్లిందని తెలిశాక ఏడుపొచ్చింది, కోటు చేత్తో మొహం తుడుచుకున్నాను.

ఆయన కింది నుంచే చూసి, "ఏమయింది?" అన్నారు. గుసగుసగా.

"ఆదోని వెళ్తున్నానని చెప్పేశాను" అన్నాను, తోటంతా వినబడేటట్టు.