రెండు వందల బడిసంచులు

టైలరమ్మకు పక్కవీధి బడి నుంచి రెండు వందల సంచుల ఆర్డరు వచ్చింది. ఎగిరి గంతేసింది కానీ, ఉన్నది ఒక్క మిషను, గడువు పది రోజులు. ఎదురు కొట్లో కుట్టే ఆవిడ వరసకు వదినే. గిరాకీల దగ్గర మాటామాటా పెరిగి, మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అయినా నమూనా సంచి పట్టుకుని టైలరమ్మ వీధి దాటింది.

వదిన సంచిని తిరగేసి చూసింది. “పట్టీ కుట్టు వంకర పోయింది.”

“అందుకేగా నీ దగ్గరికొచ్చాను వదినా! పట్టీలు నువ్వు కుట్టు.”

“తప్పు ఒప్పుకోవడం ఎప్పుడు నేర్చావే?” అంటూ వదిన పకపకా నవ్వింది.

తొమ్మిదో రోజుకే సంచులు బడికి చేరాయి. ఇంకో బడివాళ్లూ కబురు పెట్టారు. ఆ నెలలోనే వదినా మరదళ్లు కలిసి మూడో మిషను కొని, దాని మీద కుట్టేందుకు మనిషి కావాలని వీధంతా చెప్పొచ్చారు.