వంగి ఎక్కించుకునే బండి

మా అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఆ కాలికి ఇనుప పట్టీల క్యాలిపర్ తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి రిటైరైంది. నేను ఆమె చెల్లెల్ని. వట్లూరులో ఒక కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

అక్కకు కొల్లేరంటే ప్రాణం. కానీ మామూలు కారు ఎక్కితే సీటు లోతుకు వెళ్లిపోయి ఆమెకు మళ్లీ లేవడం కష్టమయ్యేది. జీపులు ఎత్తు. ఒకసారి కైకలూరు దగ్గర చేపల చెరువులున్న ఒక రైతుగారింట్లో ప్రార్థనకు వెళ్లాం. ఆయన గుమ్మం ముందు పెద్ద విదేశీ బండి ఉంది. ముసలావిడ, వాళ్లమ్మగారు, ఎక్కబోతుంటే ఆయన ఏదో మీట నొక్కారు. బండి చిన్నగా నిట్టూర్చి, నాలుగు చక్రాల మీదా మెల్లగా కిందికి వంగింది. ఆవిడ మంచం మీద కూర్చున్నంత సులువుగా కూర్చున్నారు. బండి మళ్లీ లేచింది. అది చూస్తున్న అక్క చేతి గ్లాసులో కాఫీ చల్లారిపోయింది.

రెండేళ్లకు ఆయనే ఫోన్ చేశారు, కొత్త బండి తీసుకుంటున్నానని, పాతది మాకు కావాలా అని. అలా అది మా ఇంటికి వచ్చింది.

ఆ బండికి ఇనుప స్ప్రింగులు ఉండవు. ప్రతి చక్రం దగ్గరా ఒక రబ్బరు తిత్తి ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని బెలూన్ అంటారు. కంప్రెసర్ వాటిలోకి గాలి ఎక్కిస్తే బండి లేస్తుంది, గాలి వదిలితే వంగుతుంది. అక్క పక్కకు తిరిగి కూర్చుని, రెండు చేతులతో కాలిని లోపలికి తీసుకునేది. బండి పైకి లేస్తున్నంతసేపూ కళ్లు మూసుకునేది.

"ఎలా ఉంది?" అని అడిగాను మొదటిసారి.

"ఆగవే. ఇంకా లేస్తోంది," అంది.

ఆ చలికాలం ఒక ఉదయం మంచు పట్టిన అద్దాలతో బండి ఎడమవైపు వెనక్కి ఒరిగి ఉంది. పడుకున్న గేదెలా ఉంది చూడ్డానికి. స్టార్ట్ చేస్తే ఎక్కడో లోపల కంప్రెసర్ చాలాసేపు ఝుమ్మని మోగి, బండి లేచింది. రెండ్రోజులు బాగానే ఉంది. మూడో రోజు మళ్లీ ఒరిగింది. తర్వాత డాష్‌బోర్డు మీద పసుపు రంగు అక్షరాలు రావడం మొదలైంది, సస్పెన్షన్‌లో లోపం ఉందని.

ఊరవతల ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. వాళ్లు స్కానర్ పెట్టి చూశారు. కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతోందని కోడ్ వచ్చింది. బండిని లిఫ్ట్ మీదికెత్తి తిత్తులన్నిటి మీదా సబ్బునీళ్లు చల్లారు. ఎక్కడా బుడగ లేదు. కంప్రెసర్ మార్చారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే కోడ్.

ఒక శనివారం కొల్లేటి గట్టు మీద ఆపాను. అక్క దిగి మడత కుర్చీలో కూర్చుంది. సంచి ముక్కుల గూడబాతులు నీళ్ల మీద తెల్లగా, బరువుగా, ఎటూ వెళ్లే తొందర లేనట్టు తేలుతున్నాయి. ఎండ పల్చగా ఉంది. నీటికీ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడుందో తెలియడం లేదు. గంట గడిచిందో రెండు గంటలు గడిచాయో మాకు తెలియలేదు.

తిరిగి ఎక్కి స్టార్ట్ చేస్తే బండి లేవలేదు. ఈసారి ఎర్ర అక్షరాలు. కంప్రెసర్ కాసేపు మోగి ఆగిపోయింది. వెనక ఎడమ చక్రం మడ్‌గార్డు రేకు లోపలికి దూరిపోయి ఉంది. నేను మీట మళ్లీ మళ్లీ నొక్కాను. అక్క మాత్రం తలుపు తీసే ఉంచి నీళ్లవైపు చూస్తూ కూర్చుంది.

"ఎవరో ఒకరు వస్తార్లే. పక్షులు మనకోసం ఆగినట్టున్నాయి చూడు," అంది.

మోపెడ్ మీద చేపల మేత బస్తాలు వేసుకుని ఒకాయన వచ్చి ఆగాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"గాలి బండాండీ? గూడెంలో ఒకాయన ఉన్నారండీ. రైస్ మిల్లుల్లో గాలి మిషన్లు చూసేవారు. ఇప్పుడు బస్సుల బెలూన్లు చేస్తున్నారు. ఆయనకి చూపించండి. ముందు దీన్ని కాసేపు చల్లారనివ్వండమ్మా, అదే లేస్తుంది."

ఆయన చెప్పినట్టే ముప్పావుగంటకు మళ్లీ ప్రయత్నిస్తే బండి మూలుగుతూ లేచింది.

తాడేపల్లిగూడెంలో ఆ మేస్త్రిగారి షెడ్డు ఒక మిల్లు వెనకాల ఉంది. ఎండలో ఊకపొడి బంగారు రంగులో తేలుతోంది, నేలకు దిగడమే మరిచిపోయినట్టు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. మిల్లుల్లో రంగు మారిన బియ్యపు గింజల్ని గాలితో ఊది పక్కకు తోసే యంత్రాలుంటాయి. వాటి గాలి గొట్టాలు చూడటమే ఒకప్పుడు ఆయన పని. నేను వర్క్‌షాపు కాగితాలు చేతికిచ్చాను. ఆయన వాటిని మడిచి నాకే ఇచ్చేశారు.

"స్కానర్ ఏం చెప్పిందో తర్వాత చూద్దామండీ. బండి ఏ రోజు పడుతోంది, ఏ రోజు పడట్లేదు? అది చెప్పండి."

అక్క ముందుకు వంగింది. "పది రోజులు టైమివ్వండి. రాసి తీసుకొస్తాను."

మర్నాటి నుంచి పొద్దున్నే అక్క ముక్కాలి పీట ఒక్కో చక్రం దగ్గరికీ జరుపుకుంటూ, కుట్టుపని టేపుతో చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచేది. సాయంత్రం మళ్లీ కొలిచేది. రూళ్ల నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి అంకెలు వేసేది. నేను కాఫీ పట్టుకుని వెళ్తే "జరుగు, నీడ పడుతోంది" అనేది. రిటైరయ్యాక ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

పదో రోజుకు ఆ వెలుగు తగ్గింది. గూడెం వెళ్లాక మేస్త్రిగారి ముందు పుస్తకం తెరిచి, నా వైపు చూడకుండా అంది:

"నేను బయటికెళ్లిన మర్నాడే పడుతోందండీ. చెల్లి ఒక్కతే కాలేజీకి తీసుకెళ్లి వచ్చిన రోజుల్లో వెంట్రుకవాసి కూడా దిగలేదు."

ఆయన అంకెల మీద వేలు పెట్టి కిందిదాకా చూసుకున్నారు. "అక్కగారు దిగాక బండిని మళ్లీ లేపుతారా, అలాగే వదిలేస్తారా?" అని నన్నడిగారు.

"అలాగే వదిలేస్తానండీ."

"అయితే ఇప్పుడూ వంచండి."

బండి వంగింది. కుంకుడుకాయ రసం చిలికి తెచ్చిన నురుగును ఆయన కుంచెతో వెనక ఎడమ తిత్తి మడతల్లో పూశారు. చేతి అద్దం లోపల పట్టి, నన్ను దగ్గరికి పిలిచారు. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత మడత లోపలి నుంచి ఆవగింజంత బుడగ పుట్టింది. ఎండ తగిలి రంగులు తిరుగుతూ నెమ్మదిగా పెరిగి, పగిలింది. దాని వెనకే ఇంకోటి. ఎంతసేపు చూశానో!

"లిఫ్ట్ మీద చక్రం వేలాడుతుంటే దీని మీద బరువుండదు, మడతా ఉండదండీ. పగులు మూసుకుపోతుంది. ఇలా వంగినప్పుడే తెరుచుకుంటోంది. కోడ్ అబద్ధం చెప్పలేదు. కారిపోతున్న తిత్తిని నింపలేక కంప్రెసర్ వేడెక్కుతోంది. ఎందుకు వేడెక్కుతోందో దానికి తెలీదు, అంతే."

అక్క నోటుపుస్తకం మూసింది. తర్వాత నాతో అంది: "ఇక వంచకే. ఒక పీట పెట్టుకుని ఎక్కుతాను. నాకోసం వంగీ వంగీ పగిలిపోయింది పాపం."

మేస్త్రిగారు కుంచె పక్కన పెట్టారు.

"అదేం మాటండీ! ఇటు రండి, చూపిస్తాను." మడతలోంచి వేలితో తీసిన బూడిదరంగు పొడిని అక్క అరచేతిలో వేశారు. "కొల్లేటి బురదండీ. ఎండి ఇసకలాగా రబ్బర్ని కోసేసింది. ఇందులో మీ తప్పేముంది? వెళ్లొచ్చినప్పుడల్లా మడతల్లో నీళ్లు కొట్టి కడగండి. దిగాక బండిని లేపి వదలండి. వంగడం మాత్రం మాన్పించకండి."

అక్క ఆ పొడిని వేళ్ల మధ్య నలుపుతూ నవ్వింది.

కొత్త తిత్తులు రావడానికి వారం పట్టింది. వెనకవి రెండూ మార్చారు. స్కానర్‌తో పాత కోడ్‌లు తుడిచేశాక మేస్త్రిగారు తలుపు తీసి పట్టుకున్నారు. "మీరెక్కండమ్మా. మీరు కూర్చున్నాకే చూస్తాను." అక్క కూర్చుంది. ఆయన నేల మీద పడుకుని మళ్లీ నురుగు పూసి చూశారు. నురుగు కదలకుండా, మీగడలా నిలిచిపోయింది. ఇది జరిగి ఏడాది దాటింది, ఆ బండి మళ్లీ ఒరగలేదు.

తిత్తులు మార్చిన ఆ సాయంత్రం ఏలూరు వస్తుంటే, భీమడోలు దాటాక, అక్క ఉన్నట్టుండి అడిగింది:

"నేను రోజూ అందరికన్నా ముందే స్కూలుకి ఎందుకెళ్లేదాన్నో తెలుసా?"

"బోర్డు మీద లెక్కలు వేసి పెట్టుకోడానికని చెప్పేదానివిగా."

"మెట్లెక్కుతుంటే పిల్లలు చూడకూడదని."

అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, నాకు తెలియదు. రోడ్డుకు రెండువైపులా రెండో పంటకు, దాళ్వా నాట్లకు పెట్టిన నీళ్లలో ఆకాశం గులాబీరంగులో ఉంది. బండి గాలి మీద మెత్తగా సాగుతోంది. అక్క కిటికీ అద్దం దించి చెయ్యి బయటపెట్టింది. కాసేపటికి ఆ చేత్తోనే పొలంలో నడుస్తున్న కొంగను చూపించింది.

"అదిగో, దాని నడక చూడు," అంది. "అచ్చం మా హెడ్‌మిస్ట్రెస్ గారే."

ఇద్దరం నవ్వుకుంటూనే ఏలూరు వచ్చేశాం.