ఎర్రదే కట్టానని చెప్పాను

ఒక అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. పేరు చెప్పలేను. నేనొక నర్సును, ఇప్పటికీ ఆ ఉద్యోగంతోనే బతుకుతున్నాను. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసేదాన్ని. వచ్చిన వరుసలో కాకుండా, ప్రాణం మీదికొచ్చిన వాళ్ళను ముందు చూస్తే ఎక్కువమంది బతుకుతారా అని మా డాక్టరుగారు పరిశోధన మొదలుపెట్టారు. గుమ్మం దగ్గరే రోగి చేతికి పట్టీ కట్టాలి. ఎరుపైతే వెంటనే లోపలికి. ఆకుపచ్చయితే ఆగవచ్చు. ఆ కట్టే పని నాది. ఎంత గర్వపడ్డానో!

ఒక మధ్యాహ్నం నౌపడ వైపు నుంచి, ఉప్పుమడుల్లో పనిచేసే ఆలుమగలు ఆటోలో వచ్చారు. ఆమె దవడలు లాగుతున్నాయంది, కడుపులో మంటంది. ఛాతీలో నొప్పి ఉందా అని అడిగాను. లేదంది. మా పద్ధతిలో ఛాతీ నొప్పి ఉంటేనే ఎరుపు.

"సెమటలు సూడండమ్మా. మడిలో ఎండకి కూడా దీనికింత సెమట పట్టదు," అన్నాడు భర్త.

విన్నాను. విని కూడా ఎండదెబ్బ అనుకుని, ఆకుపచ్చ పట్టీ కట్టి బెంచీ మీద కూర్చోబెట్టాను. వెనక జనం తోసుకుంటున్నారు. నిజంగా జనం వల్లేనా? లేక ఇతనెవరు నాకు చెప్పడానికి అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కాసేపటికి ఆమె బెంచీ మీదే ఒరిగిపోయింది. గుండెపోటు. లోపల డాక్టరుగారు ఆమె ఛాతీ నొక్కుతుంటే, అందరి చూపూ ఆయన చేతుల మీదే ఉండగా, నేను కత్తెర తీసి ఆకుపచ్చ పట్టీ కత్తిరించి ఎర్రది కట్టాను. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ఆమె బతకలేదు. భర్త వచ్చి ఆ చేతివైపు చూశాడు.

"అమ్మా, ముందల ఆకుపచ్చది కట్టినారు గదా?"

"లేదు. ఎర్రదే కట్టాను. కంగారులో మీరు సరిగా చూసుకోలేదు."

"అయితే నానే సూసుకోనేదు. నాకేటీ కనపడనేదమ్మా," అని నాకు దండం పెట్టాడు.

ఆ దండం తీసుకున్నాను.

తరవాత డాక్టరుగారు అడిగారు, ఆకుపచ్చ పట్టీ కట్టినవాళ్ళలో ఎవరైనా పోయారా అని. లేరన్నాను. పద్ధతి బాగుందని తేలింది. దవడ నొప్పి ఊసు లేకుండానే చుట్టుపక్కల ఆసుపత్రులకు పాకింది. ఎక్కడ ఏ బెంచీ మీద ఎవరు కూర్చుని ఉన్నారో! ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని.

ఈమధ్య పాతపట్నంలో కొత్త నర్సులకు ఆ పద్ధతి నేర్పడానికి నన్నే పంపారు. ఒకమ్మాయి లేచి, ఛాతీ నొప్పి లేకుండా చెమటలూ దవడ నొప్పీ ఉంటే ఏ రంగు కట్టాలని అడిగింది. ఎరుపు అన్నాను. మరి మీరు నేర్పినదాంట్లో అది లేదే అంది.

బయటికొచ్చి డాక్టరుగారికి ఫోను చేశాను. అంతా చెప్పాను. "ఇన్నేళ్ళా?" అని మాత్రం అన్నారు. దవడ నొప్పీ చెమటలూ ఉన్నా ఎరుపే కట్టాలని అన్ని ఆసుపత్రులకూ వెంటనే కబురు పంపారట. నన్నేం చేస్తారో ఇంకా తెలియదు.

నిన్న నౌపడ వెళ్ళి అతని ఇల్లు వెతుక్కున్నాను. మనిషి బాగా తగ్గిపోయాడు. ఆ రోజు మీరు చూసింది నిజమే, నేనే మార్చాను అన్నాను. తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఎంతసేపు నిలబడినా ఆ తలుపు తెరుచుకోలేదు.

తిరుగు బస్సులో నిద్రపోయాను. శ్రీకాకుళం వచ్చిందని కండక్టరు తట్టి లేపాడు. అంత గాఢంగా పడుకోగలిగినందుకు సిగ్గేసింది.